అలంకారమా, అక్షరాలా?

ఆ రోజు ఉదయం ప్రొసీజరు గారి కార్యక్రమం చాలా చిన్నది. డైరెక్టరమ్మను లాంచీలో ఎక్కించుకుని రేవు గోడ దాటడం, శాటిలైట్ ఫోనులో ఎర్ర బొత్తాం నొక్కడం, ప్రమాదంలో ఉన్నామని నాలుగు ముక్కలు చెప్పడం, ఒడ్డున ఫోనెత్తినవాడు సరిగ్గా బదులిస్తే చిరునవ్వు నవ్వడం, భోజనం వేళకు తిరిగి రావడం. అంతా సవ్యంగా జరిగితే సాయంత్రానికల్లా డిప్యూటీ డైరెక్టరు కుర్చీ ఆయనదవుతుంది. ఆ కుర్చీ చాలాకాలంగా ఖాళీగా ఉంది. దాని మీద ఎలా కూర్చోవాలో అలవాటు కావడం కోసం ఆయన ఇంట్లో భోజనాల బల్ల ముందున్న కుర్చీకి కూడా చేతులు బిగించి, మెత్తటి దిండు వేయించుకున్నారు.

ప్రొసీజరు అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఆయన రేవు ఆఫీసులో భద్రతా శిక్షణాధికారి. ఆ మాట లేకుండా ఒక్క వాక్యమైనా పూర్తిచేయలేరు కాబట్టి ఆఫీసంతా కలిసి ఆ పేరు ఖాయం చేసింది. సముద్రంలో పడవలకు ఆపదొస్తే శాటిలైట్ ఫోనులో సహాయ కేంద్రంతో ఎలా మాట్లాడాలో జాలర్లకూ సరంగులకూ నేర్పడం ఆయన పని. నేర్పేవాడు సముద్రం మీదికి వెళ్లాలని ఎక్కడా రాసి లేదు. రేవు గోడ దాటితే చాలు, ఆయనకు కడుపులో తిప్పుతుంది. అందుచేత సముద్రాన్ని ఆయన గోడమీది తెర మీదే చూపించేవారు. అక్కడైతే అలలు కదలవు.

ఆయన చేసిన ఘనకార్యం ఒకటుంది. జాలర్లు కేంద్రానికి ఫోను చేస్తే ముందుగా అనే మాట "కొంప మునిగింది సార్". డీజిలు అయిపోయినా కొంప మునిగేది, వల చిరిగినా మునిగేది, ఇంట్లో గొడవపడి వచ్చిన సంగతి నడి సముద్రంలో గుర్తొచ్చినా మునిగేది. మునిగిందన్న మాట వినగానే కేంద్రం వాళ్లు సహాయక పడవను పరుగెత్తించేవారు. తీరా వెళ్లి చూస్తే పడవ హాయిగా తేలుతూ ఉండేది, అందులోని మనిషి అగ్గిపెట్టె ఉందా అని అడిగేవాడు.

దీనికి విరుగుడుగా ప్రొసీజరు గారు ఒక నియమం పెట్టారు. ఫోనులో మునగడం అన్న మాట వినిపించిన వెంటనే "అలంకారమా, అక్షరాలా?" అని అడగాలి. అంటే మాటవరసకు అంటున్నారా, నిజంగానే నీళ్లలో మునిగిందా అని. అలంకారమైతే పడవ పంపకూడదు. అక్షరాలా అయితే ఏం మునిగింది, ఎంతవరకు మునిగింది అని అడిగి వెంటనే పంపాలి. ఫోనెత్తినవాడు ఎట్టి పరిస్థితుల్లోనూ సొంత తెలివి వాడకూడదు. ఈ చివరి ముక్క ఆయన పట్టుబట్టి చేర్పించారు. సొంత తెలివి మీద ఆయనకు మొదటి నుంచీ మంచి అభిప్రాయం లేదు, బహుశా తన దానితో పడిన అనుభవం వల్ల.

కేంద్రంలో ఫోను దగ్గర కూర్చునేది స్వయానా ఆయన బావమరిది. ఆ ఉద్యోగం వేయించింది కూడా ఆయనే. సొంత తెలివి వాడకూడదన్న నియమానికి అంతకంటే తగిన మనిషి ఆ రేవులో దొరకడు.

ప్రొసీజరు గారు బూట్లు తొడుక్కుంటూ ఉండగా భార్య వంటింట్లోంచి తడి చేతులతో వచ్చింది.

"ఏమండీ, సింకు కింద పైపు కారుతోంది. నిన్నటిదాకా చుక్కలే. పొద్దుటి నుంచి ధార కట్టింది. ప్లంబర్ని పిలవనా?"

"ప్లంబర్ని పిలవడానికి ఒక ప్రొసీజరుంది. సాయంత్రం నేనొచ్చి చూసి పిలుస్తాను."

"సాయంత్రం దాకా ఆగమని దానికి మీరే చెప్పండి. పోనీ ఆ వాల్వు పెట్టె తాళంచెవైనా ఇచ్చి వెళ్లండి, నీళ్లు కట్టేసుకుంటాను."

ఇంటికి నీళ్లొచ్చే పెద్ద వాల్వును ఆయన ఒక ఇనప పెట్టెలో బంధించి తాళం వేశారు. ఎవరుపడితే వాళ్లు తిప్పితే ప్రమాదమని ఆయన ఉద్దేశం. ఎవరుపడితే వాళ్లు అంటే ఆ ఇంట్లో భార్య ఒక్కతే. తాళంచెవి ఎప్పుడూ ఆయన ప్యాంటు జేబులో ఆఫీసు గుత్తితో కలిసి గలగల్లాడుతూ ఉంటుంది.

"నీకు అవన్నీ తెలియవు. ఒకటి తిప్పబోయి ఇంకొకటి తిప్పుతావు."

"అక్కడున్నదే ఒకటి కదండీ."

"ఇప్పుడేం కొంప మునిగిపోయిందని ఇంత హడావిడి? కింద ఒక గిన్నె పెట్టు" అని ఆయన గడప దాటారు. ఆవిడ గిన్నె పెట్టింది. ఆయన వీధి మలుపు తిరిగేలోపే దాన్ని తీసి బకెట్టు పెట్టాల్సి వచ్చింది.

రేవులో లాంచీ ఎక్కబోతూ ఆయన బావమరిదికి ఫోను చేశారు.

"ఒరేయ్, జాగ్రత్తగా విను. ఇవాళ ఫోన్లో నేను కంగారు పడతాను. అరుస్తాను. అవసరమైతే ఏడుస్తాను కూడా. డైరెక్టర్ మేడమ్ స్పీకర్లో అంతా వింటుంటారు. నువ్వు మాత్రం తొణక్కూడదు, బెణక్కూడదు. అడగాల్సినవన్నీ అడగాలి."

"అది పరీక్షని నాకెలా తెలుస్తుంది బావా?"

"మొదట్లోనే ఇది పరీక్ష అని చెప్తాను."

"చెప్పడం మర్చిపోతే?"

"చెప్పకపోయినా పరీక్షే. ఇవాళ నేనేం మాట్లాడినా పరీక్షే. అర్థమైందా?"

"అర్థమైంది బావా. ఇవాళ మీరేం మాట్లాడినా పరీక్షే."

బావమరిదికి ఏ విషయమూ ఒక పట్టాన అర్థం కాదు. అర్థమైతే మాత్రం దాన్ని మళ్లీ బయటికి లాగడం ఎవరి తరమూ కాదు.

లాంచీ ముసలిది. అడుగు చెక్కల సందుల్లోంచి నీరు ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోడిపోయడానికి కింద ఒక చిన్న మోటారు డబడబ కొట్టుకుంటూ ఉంటుంది. ఈ సంగతి లాంచీ నడిపే సరంగుకు తెలుసు. కానీ అడగనిదే ఏమీ చెప్పకూడదని అతను నిర్ణయించుకున్నాడు. లోగడ ఒకసారి ఏదో సలహా ఇవ్వబోతే, సలహా ఇవ్వడానికి ఒక ప్రొసీజరుందని ప్రొసీజరు గారు కసిరారు. ఆ రోజు నుంచి అతను చెప్పిన పని చెప్పినట్టు చేసి, తువ్వాలు మొహం మీద కప్పుకుని పడుకుంటున్నాడు. జీతగాడికి ఇంతకంటే హాయైన బతుకు లేదని అతనికి తెలిసిపోయింది.

డైరెక్టరమ్మ ప్రధాన కార్యాలయం నుంచి వచ్చినావిడ. ఇస్త్రీ నలగని చీర, కొత్త చెప్పులు, పొదుపైన మాట. తన చెవికి వినపడనిదేదీ జరగనట్టే లెక్క అన్నది ఆవిడ సిద్ధాంతం. లాంచీ రేవు గోడ దాటి కాస్త ముందుకు వెళ్లిందో లేదో ప్రొసీజరు గారి మొహం పచ్చబడింది.

"ఇక్కడ చాలు. లంగరు దించు" అన్నారు సరంగుతో.

"ఇక్కడే దించమంటారా?"

"చెప్పింది చెయ్యి."

సరంగు దించాడు. డైరెక్టరమ్మ వెనక్కి తిరిగి చూశారు. గోడ మీద కూర్చుని గాలం వేసుకుంటున్న మనిషి మొహం స్పష్టంగా కనిపిస్తోంది. అతను వీళ్లకేసి చెయ్యి కూడా ఊపాడు.

"ఇది నడి సముద్రం కిందికి వస్తుందా?"

"ప్రొసీజరు ప్రకారం వస్తుంది మేడమ్" అన్నారు ఆయన, కడుపు పట్టుకుని.

శాటిలైట్ ఫోను మామూలు ఫోనులా ఎక్కడపడితే అక్కడ పనిచేయదు. దాని లావుపాటి ఏరియల్‌కు తల మీద ఆకాశం కనపడాలి. మాట ఆకాశందాకా వెళ్లి అక్కణ్ణుంచి ఒడ్డుకు దిగాలి కాబట్టి, ఒకటి అడిగితే బదులు రావడానికి కాస్త జాప్యం ఉంటుంది. ప్రొసీజరు గారు లాంచీ గదిలోంచి బయటికొచ్చి, ఏరియల్ పైకెత్తి, ఎర్ర బొత్తాం నొక్కారు.

"ఇది పరీక్ష. లాంచీ మునుగుతోంది. ముగ్గురం ఉన్నాం."

"అలంకారమా, అక్షరాలా?" అంది ఫోను.

"అక్షరాలా."

"ఏం…" అన్న మాట వినిపించింది. మిగతాది కింద మోటారు డబడబలో కొట్టుకుపోయింది.

"ఆ చప్పుడేమిటి?" డైరెక్టరమ్మ నొసలు చిట్లించారు. "ఒక్క ముక్క వినపడటం లేదు. ఆపించండి దాన్ని."

"ఏయ్, ఆ మోటారు ఆపు."

"ఆపమంటారా?" అన్నాడు సరంగు తువ్వాలు పక్కకు తీసి.

"మేడమ్ ఆపమంటున్నారు. వినపడలేదా?"

సరంగు లేచి వెళ్లి ఆపేశాడు. మళ్లీ వచ్చి పడుకున్నాడు. లాంచీ మీద మంచి నిశ్శబ్దం ఆవరించింది. ఆ నిశ్శబ్దంలో బావమరిది అన్నీ వరసగా అడిగాడు. ఏం మునిగింది, లాంచీ. ఎంతవరకు, మోకాళ్ల వరకు. సహాయం బయల్దేరుతోంది, స్థిమితంగా ఉండండి. డైరెక్టరమ్మ తల ఊపి "బాగుంది" అన్నారు. ఆవిడ నోటి వెంట ఆ మాట రావడం అరుదు. ప్రొసీజరు గారికి కడుపులో తిప్పడం ఆగిపోయింది.

అంతటితో ఇంటికి వెళ్లిపోతే ఈ కథ లేదు. ఫోను మోగింది.

"ఎత్తండి. స్పీకర్లోనే" అన్నారు డైరెక్టరమ్మ.

"బావా, అక్క మీ సెల్లుకి చేస్తే ఆపేసి ఉందట. ఇక్కడికి చేసింది. కొంప మునిగిందట."

ప్రొసీజరు గారు ఫోనును చేత్తో మూయబోయారు. స్పీకరు ఎటువైపు ఉందో ఆయనకు చప్పున గుర్తురాలేదు.

"నేను ప్రొసీజరు తప్పలేదు బావా. అలంకారమా, అక్షరాలా అని అడిగాను. తిట్టింది. రెండోసారి అడిగితే అక్షరాలానే అంది. నీళ్లు వంటిల్లు దాటి హాల్లోకి వచ్చాయట, చీలమండల లోతు. ఏదో తాళంచెవి ఎక్కడుందని అడుగుతోంది."

జేబులో తాళాల గుత్తి గలగల్లాడింది. డైరెక్టరమ్మ ఆయనకేసి చూస్తున్నారు.

"ఎవరీ అక్క?"

ఉన్నమాట చెప్పి, ఇంటి పైపు పగిలింది, తాళంచెవి నా దగ్గరుంది, వెనక్కి పోదాం అంటే సరిపోయేది. కానీ డిప్యూటీ డైరెక్టరు కాబోయే మనిషి వంటింటి పైపు గురించి డైరెక్టరు ముందు ఎలా మాట్లాడతారు? ఎవరో మెడ మీద చెయ్యి వేసి తోసినట్టు ఆయన నోట్లోంచి ఒక అబద్ధం బయటపడింది.

"ఇది ఆకస్మిక పరీక్ష మేడమ్. ఒకేసారి రెండు ఆపదలొస్తే కేంద్రం తట్టుకుంటుందా లేదా అని నేనే ఏర్పాటు చేశాను. అక్క అన్నది సంకేత నామం."

డైరెక్టరమ్మ కనుబొమలు మెచ్చుకోలుగా పైకి లేచాయి. "ముందుచూపుంది మీకు. మరి ఇప్పుడేం చేస్తారు?"

"ప్రొసీజరు ప్రకారం సహాయక బృందాన్ని పంపాలి."

"పంపండి. ఎంత వేగంగా చేరతారో నాకు చూడాలనుంది."

"పంపించరా… అంటే, పంపించండి" అన్నారు ప్రొసీజరు గారు ఫోనులో.

"పరీక్షకా, నిజంగానా?"

ఆయన డైరెక్టరమ్మ మొహంలోకి చూశారు. ఆవిడ ఎదురుచూస్తున్నారు.

"అక్షరాలా" అన్నారు.

"ఎక్కడికి?"

"అక్క దగ్గరికే."

ఆ రేవులో ఉన్నది ఒక్కటే సహాయక బృందం. పడవ, దాన్ని లాగే బండి, నీళ్లు తోడే యంత్రం, తాళ్లు, గొడ్డళ్లు, నారింజ రంగు చొక్కాల మనుషులు, అందరూ కలిసి సముద్రానికి వీపు తిప్పి ఊళ్లోకి బయల్దేరారు. ప్రొసీజరు గారికి లోపల్లోపల సంతోషమే కలిగింది. ఇంట్లో నీళ్లు పోతాయి, కుర్చీ వస్తుంది. తన సమయస్ఫూర్తికి తానే ముచ్చటపడి డైరెక్టరమ్మకు బిస్కెట్లు అందించారు.

ఆవిడ బిస్కెట్టు కొరుకుతూ కిందికి చూసి, "నా చెప్పులు తడిసినట్టున్నాయి" అన్నారు.

"సముద్రం కదా మేడమ్, తడి సహజం."

ఇంకాస్త సేపటికి బిస్కెట్ల డబ్బా మూత ఆయన కాళ్ల మధ్య నుంచి తేలుకుంటూ వెళ్లింది. దాని వెనక ఆయనగారి శిక్షణ పుస్తకం వెళ్లింది. ప్రొసీజరు గారు గబగబా వెళ్లి సరంగు మొహం మీది తువ్వాలు లాగేశారు.

"ఏమిటిది?"

"నీళ్లు సార్" అన్నాడు సరంగు లేచి కూర్చుని.

"నీళ్లని నాకూ తెలుసు. ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?"

"కింద నుంచి. ఎప్పుడూ వస్తుంటాయి. మోటారు తోడేస్తుంటుంది. మీరు ఆపించారుగా."

"మరి చెప్పవేం?"

"మీరు అడగలేదు సార్."

"వెళ్లి వెయ్యి దాన్ని."

సరంగు ఏమాత్రం తొందరలేకుండా వెళ్లి చూసి వచ్చాడు. "పనిచెయ్యదు సార్. బ్యాటరీ మునిగింది. ఇంజనూ అంతే."

"అక్షరాలా?" అన్నారు ప్రొసీజరు గారు, అలవాటు కొద్దీ.

సరంగు ఆయన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, తువ్వాలు తడవకుండా తలకు చుట్టుకున్నాడు.

డైరెక్టరమ్మ అప్పటికే చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని గది కప్పు మీదికి ఎక్కేశారు. అంత పొందికైన మనిషి అంత వేగంగా ఎలా ఎక్కారో ఎవరికీ తెలియదు. ప్రొసీజరు గారు ఫోను నెత్తిమీద పెట్టుకుని వెనకాలే పాకారు. లాంచీ ఒక పక్కకు ఒరిగింది. నీళ్లు బల్లలను కప్పేశాయి. ఆయన ఎర్ర బొత్తాన్ని ఈసారి రెండు బొటనవేళ్లతో నొక్కారు.

"ఒరేయ్, మునిగిపోతున్నాంరా."

మాట ఆకాశానికి వెళ్లింది. తీరిగ్గా దిగి వచ్చింది.

"అలంకారమా, అక్షరాలా?"

"అక్షరాలారా బాబూ. నీళ్లొచ్చేశాయి."

"తెలుసు బావా. హాలు దాటి పడగ్గదిలోకి వెళ్లాయని అక్క చెప్పింది."

"పడగ్గది కాదురా, లాంచీ."

"లాంచీ సంగతి ఇందాకే అయిపోయింది కదా బావా. మోకాళ్ల వరకు."

"అది ఉత్తుత్తిది. ఇది నిజం. నడుం దాటింది."

"బాగా చేస్తున్నారు" అని బావమరిది గొంతు తగ్గించాడు. "మేడమ్ వింటున్నారా?"

"ఇది పరీక్ష కాదురా."

"కాదన్నా పరీక్షేనని మీరే చెప్పారుగా బావా."

ఇక ప్రొసీజరు గారి వల్ల కాలేదు. ఆయనకు ఈత రాదు. సముద్రం తెర మీద నుంచి దిగి కాళ్ల దాకా వచ్చేసింది. ఆయన నిజంగానే ఏడ్చేశారు.

"ఏడుస్తానని కూడా చెప్పారు" అన్నాడు బావమరిది నిమ్మకు నీరెత్తినట్టు. "స్థిమితంగా ఉండండి. సహాయం బయల్దేరింది."

"ఎక్కడికిరా?"

"మీ ఇంటికే బావా. చేరిపోయారు కూడా. ఆ ఇనప పెట్టెను గొడ్డళ్లతో బద్దలు కొడుతున్నారు. ఇంత గట్టి పెట్టె ఎవరు చేయించారా అని ఒకటే ఆశ్చర్యపోతున్నారట."

కప్పు మీద డైరెక్టరమ్మ మెల్లగా ఇటు తిరిగారు.

"మీ ఇంటికా? అక్క అంటే మీ ఆవిడా?"

ప్రొసీజరు గారు కళ్లు తుడుచుకోవడంలో నిమగ్నమయ్యారు. ఆవిడ ఆయన చేతిలోంచి ఫోను లాక్కున్నారు.

"హలో, నేను డైరెక్టర్ని. ఇక్కడ నిజంగానే మునిగింది."

"నమస్తే మేడమ్. అలంకారమా, అక్షరాలా?"

"అక్షరాలా."

"ఏం మునిగింది మేడమ్?"

"మీ బావ ఉద్యోగం" అన్నారు ఆవిడ పళ్ల బిగువున.

జాప్యం ఈసారి కాస్త ఎక్కువే అయింది. అతను ఆలోచించినట్టున్నాడు.

"అది అలంకారం కిందికి వస్తుంది మేడమ్. అలంకారానికి పడవ పంపడానికి లేదండి" అని, చెప్పవలసింది ఇంకేమీ లేదు కాబట్టి ఫోను పెట్టేశాడు.

ప్రొసీజరు గారు కప్పు అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నారు. పొద్దున భార్య తడి చేతులు గుర్తొచ్చాయి. చెయ్యి జేబులో పెట్టి తీసి ఇస్తే అయిపోయేది. అంతమాత్రం పని ఎందుకు చేయలేకపోయానా అని ఆయనకు మొట్టమొదటిసారి అనిపించింది. బతికి బయటపడితే ఆ తాళంచెవి ఆవిడ చేతిలోనే పెట్టాలనుకున్నారు. సరిగ్గా అప్పుడు లాంచీ కింద మెత్తగా ఏదో తగిలినట్టయింది. ఒరగడం ఆగింది. మునగడమూ ఆగింది.

సరంగు కప్పు మీది నుంచి నీళ్లలోకి దిగి నిలబడ్డాడు. నీళ్లు అతని ఛాతీ దాకా కూడా రాలేదు.

"ఇసక తిప్ప సార్. ఇక్కడెప్పుడూ లోతుండదు."

"ముందే తెలుసా నీకు?"

"అందుకేగా ఇక్కడే దించమంటారా అని అడిగాను" అని అతను గోడ వైపు నడుచుకుంటూ వెళ్లిపోయాడు. గాలం వేసుకుంటున్న మనిషి అతనికి పక్కకు జరిగి చోటిచ్చాడు.

డైరెక్టరు స్థాయి మనిషి నీళ్లలో నడిచి రావడం బాగుండదు. అదృష్టం కొద్దీ వేటకు వెళ్లి తిరిగొస్తున్న ఒక జాలరి పడవ అటుగా వచ్చింది. పడవలో జాలరి ప్రొసీజరు గారి దగ్గర శిక్షణ పొందినవాడే. కేంద్రం అడిగే ప్రశ్న అప్పజెప్పలేక తరగతిలో గోడ దగ్గర నిలబడినవాడే. మునిగిన లాంచీనీ, కప్పు మీది ఇద్దరినీ అతను శ్రద్ధగా చూశాడు.

"ఏమైంది సార్?"

"కొంప మునిగిందయ్యా."

జాలరి చేతులు కట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "అలంకారమా సార్, అక్షరాలా?"

ఈసారి తప్పు లేకుండా చెప్పగలిగినందుకు అతని మొహం వెలిగిపోయింది. ప్రొసీజరు గారు నోరు తెరిచేలోపే డైరెక్టరమ్మ, "రెండూనయ్యా. ముందు ఆ పడవ ఇటు తీసుకురా" అన్నారు.

ప్రొసీజరు గారు ఇల్లు చేరేసరికి బూట్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఇల్లు మాత్రం అద్దంలా పొడిగా ఉంది. సహాయక బృందం నీళ్లన్నీ తోడేసి, గదులు తుడిచేసి, కాఫీ తాగి వెళ్లిపోయింది. ప్లంబరు పైపు మార్చేసి వెళ్లాడు. ఆయన గుమ్మంలో నిలబడి, తాళంచెవి ముందుకు చాచారు.

"ఇప్పుడెందుకండీ అది? పెట్టే లేదు" అంది భార్య. "అక్కడే ఆగండి. లోపలికి రాకండి, ఇప్పుడే తుడిచి వెళ్లారు."

ఆయన పెరటివైపు నుంచి వెళ్లారు. ఆ రాత్రంతా ఉద్యోగం పోయినట్టే అనుకుని పరువు, కుర్చీ, దిండు అన్నిటికీ నీళ్లొదులుకున్నారు. కానీ ఆఫీసుల సంగతి ఆయనకు ఇంత అనుభవం ఉండీ పూర్తిగా తెలియదు. కేంద్రానికి వచ్చే ప్రతి ఫోనూ రికార్డవుతుంది. ఆ మోటారు ఆపించండన్న గొంతు ఎవరిదో రికార్డులో శుభ్రంగా వినిపిస్తోంది. డైరెక్టరమ్మ ఒకటికి నాలుగుసార్లు విన్నారు. తన చెవికి వినపడనిదేదీ జరగనట్టే లెక్క కదా, వినపడింది మరి జరిగినట్టే కావాలి. అందుకని ఆవిడ బాగా ఆలోచించి, పరీక్ష దిగ్విజయంగా జరిగిందనీ, సహాయక బృందం అద్భుతమైన వేగంతో నీట మునిగిన ఒక కుటుంబాన్ని కాపాడిందనీ, లాంచీని శిక్షణ నిమిత్తం ముంచడమైనదనీ పైకి రాసి పంపారు. తర్వాత ప్రొసీజరు గారిని గదిలోకి పిలిచారు.

"మీకు డిప్యూటీ డైరెక్టరు పోస్టు ఇస్తున్నాం."

ప్రొసీజరు గారు చేతులు జోడించి, "చాలా సంతోషం మేడమ్. కుర్చీ ఇక్కడేనా, పక్క గదిలోనా?" అన్నారు.

"శిక్షణ నౌకలో. అక్కడే ఉండాలి. ఏడాదికోసారి రేవుకు వస్తుంది."

"మేడమ్, నాకు సముద్రం పడదు."

"మీరు ఒడ్డున ఉంటే ఒడ్డుకు పడదు" అన్నారు ఆవిడ, కాగితాల్లోంచి తల ఎత్తకుండా.

నౌకలో డిప్యూటీ డైరెక్టరు కుర్చీ ఆయన కలగన్న దానికంటే పెద్దది. దిండు కూడా మెత్తనిదే. దాన్ని నేలకు బోల్టులతో బిగించారు. నేలను మాత్రం దేనికీ బిగించలేదు. మొదటి వారం ఆయన ఆ కుర్చీ మీద కంటే దాని పక్కనున్న బకెట్టు దగ్గరే ఎక్కువసేపు గడిపారు. చివరికి తట్టుకోలేక ఒక మధ్యాహ్నం గోడలు పట్టుకుంటూ పైకి వెళ్లి, ఏరియల్ ఆకాశానికి ఎత్తి, ఎర్ర బొత్తాం నొక్కారు.

"ఒరేయ్, నా కొంప మునిగిందిరా. పడవ పంపి నన్నిక్కణ్ణుంచి తీసుకుపోండి."

మాట ఆకాశానికి వెళ్లింది. అక్కణ్ణుంచి ఒడ్డుకు దిగింది. మళ్లీ ఎక్కి మళ్లీ దిగింది.

"అలంకారమా, అక్షరాలా, బావా?"

ప్రొసీజరు గారు చుట్టూ చూశారు. ఎండ కాస్తోంది. నౌక నిక్షేపంలా తేలుతోంది. అక్షరాలా అని ఒక్క అబద్ధం ఆడితే చాలు. కానీ అంతకుముందు ఆడిన అబద్ధం ఇంకా కడుపులో తిప్పుతూనే ఉంది.

"అలంకారమే" అన్నారు.

"అయితే ఉంటాను బావా. అక్క కులాసాగా ఉంది, ఆ వాల్వు రోజూ తనే తిప్పుకుంటోంది" అని బావమరిది ఫోను పెట్టేశాడు.

అలంకారానికి పడవ పంపకూడదన్న నియమం అక్కడ ఇప్పటికీ అక్షరాలా అమలవుతోంది.